రంగూన్‌కు పోయే ముందు

1941 మే 18, ఆదివారం. ఎల్లారెడ్డి

బర్మా మాటలు రాసుకోమని బాపు ఈ పుస్తకం కొనిచ్చాడు. నీళ్లకు, అన్నానికి, ధర అడగడానికి ఉన్న మాటలు రాశాక చెయ్యి ఆగలేదు. ఆడపిల్లకు అక్షరాలు నేర్పి చెడగొట్టాడని మా అత్తమ్మ బాపును ఇప్పటికీ తిడుతుంది. అన్ని తిట్లు తిన్నాక ఆ అక్షరాలను ఊరికే పోనిస్తే ఎలా, రాస్తాను.

రంగూన్ నుంచి ఆయన ఉత్తరం వచ్చింది. గది దొరికిందట. దానికి కిటికీ ఉందట. మైసన్న వాళ్లతో బయలుదేరి రమ్మన్నాడు. అంతే. మా ఆయనకు మాటలంటే మహా పొదుపు, రెండేళ్లు ఆగితే ఒక కిటికీ ఇచ్చాడు. అయినా పొద్దుటి నుంచి నేను ఆ కిటికీలోంచే చూస్తున్నాను. బాపు రెండుసార్లు పిలిచినా వినపడలేదు.

పెళ్లయిన మూడో నెలలోనే లుంగీలు నేసే కార్ఖానా పనికని పోయిన మనిషి. ముఖం సరిగా గుర్తు రావడం లేదని ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను. చెవి కింద పుట్టుమచ్చ గుర్తుంది, ఏ చెవి అంటే తడుముకోవాలి. నేను తిడితే నవ్వేవాడు. ఆ నవ్వు మాత్రం బాగా గుర్తుంది.

మా వాడకట్టు మైసన్న అదే కార్ఖానాలో పని చేస్తాడు. పెండ్లాం కమలక్కను తీసుకుపోవడానికి ఊరికి వచ్చాడు. జులై మొదట్లో మద్రాసులో ఓడ. అది తప్పితే కష్టమేనట. జులై సగం దాటితే కొత్తవాళ్లను కాయిదాలు లేనిదే ఎక్కనివ్వరని, ఆ కాయిదాలు మనలాంటివాళ్లకు దొరికేవి కావని అంటున్నాడు. ఎందుకు తప్పుతుంది, పోతాను.

మే 20

గౌరవ్వ దగ్గర కూర్చున్నాను. ఆమె పుట్టింది పిట్లంలో, కాపురం చేసింది రంగూన్‌లో. భర్త బియ్యం మిల్లులో పని చేసేవాడు. ఆయన పోయాక తిరిగి వచ్చి మా వీధి చివర ఉంటోంది. రంగూన్ సంగతి అడిగితే చాలు, పళ్లు లేని నోటితో గడగడా చెబుతుంది.

“ఓడ ఎక్కంగనే మొగుణ్ని యాద్ చేసుకుంట నిలవడకు. ముందుగాల చాప పరువు. నడిమిట్ల పరువు. ఇంజను కాడ ఉడుకపోత, దొడ్డి కాడ కంపు. నిచ్చెన కింద పంటె అందరి కాళ్లు నీ మొఖం మీదికెళ్లే పోతయి.”

“కడుపులో తిప్పితే?”

“నీళ్ల దిక్కు చూడకు. దూరంగ ఆకాశం ఆనిన కాడ చూడు. ఉల్లిగడ్డ కొంగుల కట్టుకో, వాసన చూస్తె నిమ్మళమైతది.”

జొన్నరొట్టెలు ఎండబెట్టుకోవాలి. సత్తుపిండి కట్టుకోవాలి. తొక్కు సీసాలో పెడితే పలుగుతుంది, జాడీలో పెట్టి గుడ్డ బిగించాలి. మన నిజాం సిక్కా అక్కడ చెల్లదు, సికింద్రాబాద్‌లోనే ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయలు చేసుకోవాలి. గొడుగు లేకుండా రంగూన్‌లో దిగకూడదు. అక్కడి వాన మన వానలా వచ్చిపోయేది కాదు, వచ్చి ఉండిపోయేది.

“గుడికి పోతె మెట్లు మొదలైన కాడనే చెప్పులిడువు. పోరగాండ్ల నెత్తి మీద చెయ్యి పెట్టకు. మనం ముద్దుకు పెడుతం, వాళ్లకది తప్పు. ఇగ చేపల తొక్కు ఒకటుంటది. ఆ కంపుకు ముక్కు మూసుకోకు. మన ఇంగువకు వాళ్లు మూసుకుంటె నీకెట్లుంటది?”

“ఆడవాళ్లు ఎట్లుంటరు అవ్వా?”

“ఆడోళ్లా? దుకాణాలల్ల వాళ్లే కూసుంటరు. జానెడు చుట్ట కాలుస్తరు. మొగోడు పిల్లనెత్తుకొని ఎనుక నిలవడుతడు.”

నేను పొద్దున లేస్తే బీడీలు చుడతాను, ఒక్కటి కూడా కాల్చి ఎరగను. ఆ దేశం నాకోసమే కాచుకొని ఉన్నట్టుంది. ఆయన పిల్లనెత్తుకొని వెనుక నిలబడటం ఊహించుకొని నాలో నేనే నవ్వుకున్నాను. పిల్ల ఎవరి పిల్ల అని నన్ను నేనే అడిగి సిగ్గుపడ్డాను.

లేచి వస్తుంటే గౌరవ్వ మళ్లీ పిలిచింది. “అన్నిటికంటె ముందు టీకా. అమ్మవారి టీకా. జబ్బ మీద మచ్చ లేకుంటె రేవులనే ఆపుతరు. నెల ముందుగాల వేయించుకో, పుండు మానాలె గదా.”

మే 27. కామారెడ్డి

బస్సులో అత్తగారింటికి వచ్చేశాను. రాగానే “సా పీ బీ లా” అని అత్తమ్మను అడిగాను. తిన్నావా అని అర్థం. ఆమె కండెలు చుడుతోంది. తలెత్తకుండా, “పొద్దుగాలనే కల్లు తాగినవా ఏంది?” అంది.

నేను పోతానంటే అత్తమ్మ వద్దనలేదు. అది కూడా రాయాలి. “మార్కండేయ రమ్మన్నడు గదా, పో. ఒక్కదాన్నే ఉండుడు నాకు కొత్తగాదు,” అంది. అలా అంటే పోవడం కష్టం. వద్దని నాలుగు తిడితే సులువుగా పోయేదాన్ని.

ఆయన పేరు అత్తమ్మ నోట వినడం నాకిష్టం. నేను పలకకూడదు. రాయకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. మార్కండేయ. రాశాను, ఏమీ కాలేదు. మార్కండేయ. మార్కండేయ.

టీకాకు రేపు పోతాను.

మే 30

ఎండ మండిపోతోంది. దవాఖాన దూరం.

జూన్ 6

తునికాకు నానబెట్టాను, నానబెట్టిన ఆకును వదిలి ఎక్కడికి పోను. సోమవారం పోతాను.

జూన్ 10

వాన. అయినా ఇంకా చాలా రోజులున్నాయి.

ఆయనకు సత్తుపిండి ఇష్టమా కాదా అని అత్తమ్మను అడిగాను. “పెండ్లాం నువ్వా నేనా?” అంది. నిజమే. ఆ మూడు నెలల్లో సత్తుపిండి చేసే సందర్భం రాలేదు. ఇష్టమని అనుకొని చేస్తున్నాను.

జూన్ 17

సముద్రం కలలోకి వచ్చింది. చూడని సముద్రం కాబట్టి మా ఎల్లారెడ్డి బస్సు కిటికీలోంచి నీళ్లు కనిపించాయి. భయం వేయలేదు. పొద్దున లేచేసరికి చెమటలు పట్టి ఉన్నాయి, అది ఉక్కపోత వల్ల.

జూన్ 23

టీకా అయింది. టీకాలు వేసే యాకూబు సాబు మంచివాడే కానీ నోరు పెద్దది. “వచ్చే వారం ప్రయాణం పెట్టుకొని ఇయ్యాల వస్తరా? జ్వరమొస్తది, జబ్బ ఉబ్బుతది. గోకకు. వారం పదిరోజులల్ల నిమ్మళమైతది, ఫికర్ చెయ్యకు,” అన్నాడు. తీరికలేక రాలేదని చెప్పాను. తీరిక ఎక్కడుంది నాకు.

మూట కట్టేశాను. రొట్టెలు, సత్తుపిండి, తొక్కు జాడీ, గొడుగు. ఆయనకొక తువ్వాల. దాని అంచు నేనే ఎన్నుకున్నాను.

జూన్ 29

ఒళ్లు కాలిపోతోంది. జబ్బ మీద నీటి పొక్కులు లేచాయి. అత్తమ్మ వచ్చి చూసింది. బయటికి పోయి వేపమండలు తెచ్చి గడపకు కట్టింది. పొయ్యి మీద తాలింపు ఆగిపోయింది. నా దువ్వెన ఎత్తి దాచింది. వాకిట్లోకి వచ్చిన బిచ్చగాణ్ని కూడా చేయి ఊపి పంపేసింది. ఇంట్లోకి అమ్మ వచ్చినప్పుడు చేసేవన్నీ చేసింది.

“అత్తమ్మా, ఇది టీకా. అమ్మ కాదు.”

“దవాఖానల జబ్బకు పెట్టింది ఏంది మరి? అమ్మనే గదా. ఆమె తనంతట తాను రాలే, మీరు పిలిచిన్రు. పిలిచినంక ఆమె పోయేదాక ఇంట్ల కూసుండాలె. ఇంట్ల సుట్టం ఉండంగ తాళమేసుకొని ఊరికి పోతరా ఎవలన్న?”

“ఎల్లుండి దాటితే ప్రయాణం అత్తమ్మా.”

“మూడుసార్లు నీళ్లు పోసినంక పోదువు.”

మూడు నీళ్లంటే బేసి రోజులు చూసి పోయాలి. లెక్క నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అవి అయ్యేసరికి ఓడ పోతుంది.

జులై 2, బుధవారం

మైసన్న, కమలక్క ఎల్లారెడ్డి బస్సు దిగి స్టేషన్‌కు పోతూ మా ఇంటికి వచ్చారు. గడపకు వేపమండలు చూసి మైసన్న బజార్లోనే ఆగిపోయాడు. కమలక్క అరుగు దాకా వచ్చి, “తారా, వస్తవా మరి?” అని పిలిచింది.

నా మూట గోడ పక్కన కట్టే ఉంది. జ్వరం తగ్గింది. లేచి నిలబడ్డాను కూడా.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. ఎలా పోను?

“అమ్మ ఉన్న ఇంట్లకెళ్లి మనిషిని తోలుకపోతె మాకు మంచిగాదు. తర్వాతి ఓడకు రమ్మను,” అని మైసన్న బజార్లోంచి అన్నాడు. తర్వాతి ఓడ లేదని నాకు చెప్పింది మైసన్నే. కమలక్క ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. కాసేపటికి స్టేషన్ వైపు నుంచి కూత వినిపించింది.

జులై 3

అత్తమ్మతో మాట్లాడను.

జులై 5

అత్తమ్మను తిట్టడానికి మంచి మంచి మాటలు కూర్చి పెట్టుకున్నాను. పొద్దున జావ తెచ్చి పక్కన కూర్చుంది. నేను అటు తిరిగి పడుకున్నాను. నా వీపుతో మాట్లాడినట్టు చెప్పింది.

“మార్కండేయకంటె ముందు ఒకడుండె. వానికి అమ్మ పోసింది. మా తమ్ముని లగ్గమని నేను గడప దాటిన. ఒక్క పూటకే. వచ్చేవరకు పిల్లగాడు లేడు.”

ఈ సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఆయనకు తెలుసో లేదో. కూర్చి పెట్టుకున్న తిట్లన్నీ దండగైపోయాయి. జావ తాగాను. అయినా నా జబ్బ మీది పొక్కులకు, ఆ పిల్లవాడికి ఏమిటి సంబంధం? ఏమీ లేదు. నాకు తెలుసు.

జులై 10

మూడో నీళ్లు పోసింది. పోచమ్మకు బోనం ఎత్తింది. నా నెత్తి దువ్వింది, చిక్కులు తీస్తూ చాలాసేపు దువ్వింది. పొక్కులు ఎండిపోయాయి. ఇప్పుడు ఎక్కడికైనా పోవచ్చునట.

ఓడ ఈపాటికి చేరి ఉంటుంది.

జులై 27

బాపు వచ్చాడు. దారి బందయిందట. తెలిసిన వకీలును కూడా అడిగాడట. “జర ఓపిక పట్టు బిడ్డా, మల్ల తెరుస్తరు,” అన్నాడు. సత్తుపిండి పురుగు పట్టకముందే ముగ్గురం తిన్నాం. బాగుంది.

సెప్టెంబర్ 9

ఆయన రాశాడు. ఇంత పొడుగు ఉత్తరం ఎన్నడూ రాయలేదు.

పని మానుకొని రేవుకు పోయాడట. వానలో నిలబడ్డాడట. మైసన్న దిగాడు, కమలక్క దిగింది, వెనుక నేను దిగుతానని చూశాడట. అందరూ దిగాక కూడా చూశాడట. “నీ జబ్బ తగ్గిందా? కిటికీకి పరదా కట్టిన, వాన కొడుతున్నది,” అని రాశాడు.

ఆ వానలో నిలబడిన మనిషి నాకిప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నాడు. ముఖం గుర్తు రాని బాధ పోయింది, ఇది దానికంటే ఎక్కువగా ఉంది. నాకు ఆయన కావాలి. ఇలా రాయడానికి సిగ్గు లేదు. ఆ గది కావాలి, ఆ వాన కావాలి, ఆ చేపల కంపు కూడా కావాలి. సాయంత్రం పని నుంచి వచ్చి చెప్పులు విడిచే చప్పుడు కావాలి. ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద సముద్రం అడ్డం పెట్టారు.

సెప్టెంబర్ 28. ఎల్లారెడ్డి

సద్దుల బతుకమ్మ. ఆడేటప్పుడు ప్రతి ఒక్కతీ అదే అడగడం, “రంగూన్ పోతవనుకుంటిమి, పోలేదా?” అని. ఏం చెప్పను? పోదామని లేస్తే అత్తమ్మ గడపకు అడ్డంగా కూర్చుందని, దాటడానికి దారి ఇవ్వలేదని చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. గౌరవ్వ మాత్రం టీకా ఎప్పుడు వేయించుకున్నావని అడిగింది. వేరే మాట మొదలుపెట్టాను.

డిసెంబర్ 27. కామారెడ్డి

బీడీల సేటు ఇంటి రేడియోలో చెప్పారట. రంగూన్ మీద బాంబులు పడ్డాయి. పండుగ చూసినట్టు జనం బజార్లో నిలబడి పైకి చూశారట, వాళ్ల మీదే పడ్డాయట.

ఆయన నిలబడి చూసే రకం కాదు. పని మీద తల వంచితే పైన ఆకాశం ఉందో లేదో కూడా పట్టదు. లోపలే ఉండి ఉంటాడు.

డిసెంబర్ 29

ఊరంతా మా ఇంటికే వస్తోంది. అత్తమ్మ ఏడుస్తుంది, ఏడుస్తూనే నా జబ్బ పట్టుకొని మచ్చ చూపిస్తుంది. “నా కోడల్ని అమ్మ ఆపింది. లేకుంటె ఇది కూడ ఆ మంటలల్ల ఉంటుండె.” వచ్చినవాళ్లు ఔనౌనని తల ఊపి, మచ్చకు దండం పెట్టి పోతున్నారు.

“అది టీకా అత్తమ్మా. అమ్మ కాదు,” అన్నాను, అందరి ముందే.

1942 జనవరి 8

ఉత్తరం లేదు.

జనవరి 15

ఉత్తరం లేదు. స్టేషన్‌కు పోయి వచ్చాను. ఊరికే, బీడీల గంప ఇవ్వడానికి పోయిన దారిలోనే కదా.

జనవరి 22

ఇవాళ కూడా వచ్చినవాళ్లతో అదే మాట, అమ్మ ఆపింది, అమ్మ ఆపింది. వాళ్లు పోయాక నేను ఉండబట్టలేక అరిచాను. “అమ్మ ఆపలేదు, నువ్వు ఆపినవ్. నేనక్కడ ఉంటే ఇద్దరం ఒక్క దగ్గర ఉండేవాళ్లం. బతికితే ఇద్దరం, లేకుంటే ఇద్దరం.”

అత్తమ్మ కండె పక్కన పెట్టింది. కోపం లేదు ఆమె ముఖంలో.

“నేను చెప్పిన, నిజమే. చెప్పి పొయ్యి కాడ కూసున్న. నేను నిన్ను పట్టుకున్ననా బిడ్డా?”

బీడీలు చాలా మిగిలి ఉన్నాయి. పోయి చుట్టడం మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 9

ఉత్తరం లేదు.

ఫిబ్రవరి 24. ఎల్లారెడ్డి

కమలక్క, మైసన్న తిరిగి వచ్చారని బాపు కబురు పంపితే పొద్దుటి బస్సుకు వచ్చాను. అత్తమ్మ కూడా వస్తానంది, కాళ్ల నొప్పులతో రాలేకపోయింది.

మైసన్న జ్వరంతో పడుకొని ఉన్నాడు. కమలక్క ముఖం ముడుచుకుపోయింది, చీర ఎవరిదో. నన్ను చూడగానే, “బతికే ఉన్నడు. మేము ఓడ ఎక్కిన్నాడు మంచిగనే ఉన్నడు,” అంది. అప్పటిదాకా నేను నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది. ఆమె పక్కన కూర్చున్నాను.

కార్ఖానా కాలిపోయిందట. ముగ్గురూ ఒక్క దగ్గరే తలదాచుకున్నారట. ఓడ ఉందని తెలిసి రేవుకు పోయారట. మైసన్నకు చేతగాక ఆయనే మూటలు మోశాడట.

“మరి ఆయన ఎందుకు ఎక్కలేదక్కా?”

కమలక్క మామూలుగానే చెప్పింది. దారిలో ఎన్నిసార్లు చెప్పిందో, ఆ మాటల్లో ఏముందో చూసుకోవడం మానేసినట్టు చెప్పింది.

“ఆడోళ్లను ఎక్కిచ్చిన్రు. ఆడమనిషి ఎంబడి ఉన్న మొగోణ్ని కూడ ఎక్కనిచ్చిన్రు. ఒంటిగ ఉన్నోళ్లను ఎనుకకు జరిపిన్రు. నా తమ్ముడని చెప్పిన, ఇన్లేదు. ‘నీ పెండ్లామేది?’ అని అడిగిన్రు.”

“ఆయన ఏమన్నడు?”

“కామారెడ్డిల ఉన్నదన్నడు.”

అబద్ధం చెప్పడం రాదు ఆయనకు. గుంపులో ఎవరినో చూపించి అదిగో అనొచ్చు కదా.

“మూటలు మాకు అందిచ్చి కిందనే నిలవడ్డడు. కొండలల్లకెళ్లి నడిచే దారి ఒకటున్నదట, మస్తు మంది పోతున్నరు. ‘నడిచొస్తనని చెప్పు’ అన్నడు. నవ్విండు కూడ.”

ఏ చెవి కింద పుట్టుమచ్చ అని అడగబోయి ఊరుకున్నాను.

అక్కడి నుంచి గౌరవ్వ ఇంటికి పోయాను. కొండల దారి ఎలా ఉంటుంది, తాగడానికి నీళ్లు దొరుకుతాయా, ఎక్కడ పడుకోవాలి, కాళ్లకు ఏం కట్టుకోవాలి, ఏమేం వెంట తీసుకుపోవాలి, అన్నీ అడిగాను. ఆమె నా చెయ్యి నిమిరింది.

“ఆ దారి నాకెరుక లేదు బిడ్డా,” అంది.

ఫిబ్రవరి 26. కామారెడ్డి

బస్సు దిగేసరికి అత్తమ్మ బజార్లోనే ఎదురు చూస్తూ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో. దారి పొడుగునా నేను ఒకే మాట అనుకుంటూ వచ్చాను. నేను అక్కడ ఉండి ఉంటే ఆయన ఓడ ఎక్కేవాడు. నేను అడ్డం కాదు, నేనే ఆయన ఓడ చీటీ. ఈ మాట అత్తమ్మ మొహాన కొట్టినట్టు చెప్పాలని కామారెడ్డి పొలిమేర దాకా అనుకున్నాను. పొలిమేర దాటాక, ఆ రోజు పొయ్యి దగ్గరే కూర్చుని నా చెయ్యి పట్టుకోనే పట్టుకోని మనిషి ముఖం గుర్తొచ్చింది. చనిపోయిన మొదటి కొడుకు సంగతి ఆమె నా వీపుకు చెప్పిన రోజు గుర్తొచ్చింది.

“ఏమన్నది కమల? ఉన్నడా నా కొడుకు?”

“ఉన్నడు అత్తమ్మా. ఓడలో జాగ దొరకలేదట. నడిచి వస్తున్నడట.”

“నడిచా? సముద్రం ఎట్ల నడుస్తడే?”

“కొండల దారి ఉందట.”

ఆమె అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. కొండల దారి ఎంత దూరమో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. పక్కింటివాళ్లు వచ్చి చుట్టూ చేరారు. వాళ్లకు ఓడ సంగతి, జాగ లేని సంగతి తనే చెప్పింది. చెప్పి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, అలవాటుగా నా జబ్బ మీద చెయ్యి వేసింది.

“వాడు మొగోడు, ఎట్లనన్న వస్తడు. ఇది కూడ ఆడ ఉంటె ఏం గావాలె? అమ్మనే ఆపింది దీన్ని.”

అందరూ నా వైపు చూశారు. ఎప్పటిలాగే నేను కాదంటానని చూశారు. అత్తమ్మ కూడా చూసింది, ఈసారి కొంచెం భయంగా.

“ఔ అత్తమ్మా,” అన్నాను. “అమ్మనే ఆపింది.”